మార్పులు, ట్యూనింగ్ చేసిన కారులో మైలేజీ: కొలత నుంచి సరిదిద్దడం దాకా

"సైలెన్సర్ మార్చాక మైలేజీ పడిపోయింది", "రీమ్యాప్ చేయించాక రెండు కిలోమీటర్లు పెరిగింది" అని చెప్పేవాళ్లను ముందు ఎంత ఇచ్చేదని అడిగితే చాలామంది డ్యాష్‌బోర్డు మీద కనిపించిన అంకెనే చెబుతారు. ట్యూనింగ్ చేసిన బండిలో మొట్టమొదట అనుమానించాల్సింది ఆ అంకెనే. (రీమ్యాప్ అంటే ఇంజిన్ కంప్యూటర్లోని సెట్టింగులు, అంటే మ్యాప్, మార్చడం.) అందుకే ఇక్కడ కొలతతో మొదలుపెట్టి, పాత లోపాలు, బయటి మార్పులు, ఇంజిన్ ట్యూనింగ్ ఈ వరుసలో వెళ్దాం. వరుస తప్పితే ఏ మార్పు ఏం చేసిందో తేల్చుకోలేరు.

1. ముందు కొలత సరిచేసుకోండి

ట్యాంకు నిండా పోయించి, నడిపి, మళ్లీ నింపి లెక్క కట్టే పాత పద్ధతే మంచిది. నాజిల్ మొదటిసారి టక్కున ఆగగానే ఆపేయండి. "ఇంకొంచెం పడుతుంది" అని పోయిస్తే లెక్క అక్కడే చెడుతుంది. కుదిరితే అదే బంకు, అదే పంపు, కారు అదే వైపు నిలబెట్టి పోయించండి.

545 కిలోమీటర్లకు 38.4 లీటర్లు పట్టిందంటే లీటరుకు 14.2. ఒక్క ట్యాంకు చూసి నమ్మకండి, కనీసం మూడు కావాలి. మూడు ట్యాంకుల మైలేజీలను కూడి మూడుతో భాగించడం తప్పు. కిలోమీటర్లన్నీ ఒకవైపు, లీటర్లన్నీ ఒకవైపు కూడి, ఆ తర్వాత భాగించండి.

పెట్రోలు వేడికి వ్యాకోచిస్తుంది. 10 డిగ్రీల తేడాకు ఘనపరిమాణంలో దాదాపు 1 శాతం తేడా వస్తుంది. ఎండాకాలం కొలతను చలికాలం కొలతతో పోల్చి ట్యూనర్‌ను మెచ్చుకోవడమో తిట్టడమో చేయకండి. పెట్రోల్లో ఇథనాల్ పాలు మారినా అంతే. లీటరు ఇథనాల్లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ.

టైరు సైజు మార్చినవాళ్లకు ఇంకో చిక్కు. 205/55 ఆర్16 టైరు వ్యాసం సుమారు 632 మి.మీ., 205/60 ఆర్16 ది 652 మి.మీ. అంటే 3.2 శాతం పెద్దది. ఓడోమీటరు 100 చూపేసరికి బండి నిజానికి 103.2 కిలోమీటర్లు వెళ్లి ఉంటుంది. మైలేజీ పడిపోయిందని బాధపడేవాళ్లలో కొందరికి పడిపోయింది లెక్కే. చిన్న టైరు వేస్తే ఇది తిరగబడుతుంది, లేని లాభం కనిపిస్తుంది. జీపీఎస్ పెట్టి పొడవైన రోడ్డు మీద ఒకసారి సరిచూసుకుని, ఆ నిష్పత్తితో ప్రతి కొలతనూ గుణించండి.

ఇక డ్యాష్‌బోర్డు అంకె సంగతి. ఎంత ఇంధనం పోయిందో ఈసీయూ (ఇంజిన్ను నడిపే కంప్యూటర్) కొలవదు. ఇంజెక్టర్ (ఇంధనం చిమ్మే భాగం) ఎంతసేపు తెరుచుకుంది, పీడనం ఎంత అన్నదాన్ని బట్టి లెక్క వేస్తుంది. ఇంజెక్టర్లు మార్చి, వాటి సైజు ఈసీయూలో సరిగ్గా నమోదు చేయకపోతే ఆ లెక్క తప్పుతుంది. డీజిల్ కార్లకు తగిలించే ట్యూనింగ్ బాక్సుల్లో చాలావాటి పనే అది. రైలు (ఇంజెక్టర్లకు ఇంధనం అందించే గొట్టం) పీడనం నిజంగా ఉన్నదానికంటే తక్కువగా ఉందని ఈసీయూకు చెబుతాయి. ఇంధనం ఎక్కువ పడుతుంది, ఈసీయూ మాత్రం తక్కువే పోసాననుకుంటుంది. డ్యాష్‌బోర్డులో మైలేజీ పెరిగినట్టు కనిపిస్తుంది, బంకు దగ్గర పెరగదు.

కొలత చెక్‌లిస్టు:
- మూడు ట్యాంకుల కిలోమీటర్లు, లీటర్లు రాసి పెట్టారా?
- ఓడోమీటరును జీపీఎస్‌తో సరిచూశారా?
- ప్రతిసారీ ఒకే రకం పెట్రోలా?
- ఆ రోజుల్లో వాతావరణం, రూటు, ఏసీ వాడకం ఇంచుమించు ఒకేలా ఉన్నాయా?

2. పాత జబ్బులు నయం చేయకుండా కొత్త పార్టులు వద్దు

అరిగిన బండికి చేసిన ట్యూనింగ్ లోపాన్ని కప్పిపుచ్చుతుంది, తీసేయదు. ముందు బండిని కంపెనీ స్థితికి తెచ్చుకోండి.

- టైరు గాలి. బండి చల్లగా ఉన్నప్పుడే చూడాలి. నాలుగు టైర్లలో సగటున 1 పీఎస్ఐ తగ్గితే సుమారు 0.2 శాతం మైలేజీ పోతుంది. 8 పీఎస్ఐ తగ్గిన టైర్లతో తిరుగుతూ రీమ్యాప్ గురించి ఆలోచించేవాళ్లుంటారు.
- బ్రేకు పట్టేయడం. కాసేపు నడిపి, గట్టిగా బ్రేకు వేయకుండా ఆగి, నాలుగు చక్రాల దగ్గర వేడి చూడండి. రిమ్‌ను ముట్టుకోకుండా చెయ్యి దగ్గరగా పెడితే చాలు. ఒక చక్రం మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే క్యాలిపర్ (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) వదలట్లేదన్నమాట.
- అలైన్‌మెంట్. సస్పెన్షన్ దించినా, ఎత్తినా తప్పనిసరి. టో కోణం (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పితే టైరు దొర్లుతూనే పక్కకు రాసుకుంటుంది.
- థర్మోస్టాట్. ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్ను రేడియేటర్కు వెళ్లనివ్వని వాల్వ్ ఇది. ఇంజిన్ చల్లగా ఉంటుందని దీన్ని తీసేయించేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇంజిన్ వేడెక్కనంతసేపూ ఈసీయూ అదనపు పెట్రోలు పోస్తుంది, ఆయిలు చిక్కగా ఉండి ఘర్షణ పెరుగుతుంది. ఉష్ణోగ్రత ముల్లు ఎప్పుడూ సగానికి కిందే ఉంటే ముందు దీన్ని చూడండి.
- ఆయిల్ గ్రేడు. మాన్యువల్లో చెప్పినదాన్ని వదిలి చిక్కటిది పోస్తే 1 నుంచి 2 శాతం పోవచ్చు. గట్టిగా ట్యూన్ చేసిన టర్బో ఇంజిన్‌కు చిక్కటి ఆయిలు అవసరమైతే ఆ నష్టం భరించాల్సిందే, ఇంజిన్ మిగలడం ముఖ్యం.
- ప్లగ్గులు, కాయిళ్లు, ఆక్సిజన్ సెన్సర్. మిస్సింగ్ కొడుతున్న ఇంజిన్‌లో కాలని ఆక్సిజన్ పొగగొట్టంలోకి వెళుతుంది. సెన్సర్ దాన్ని చూసి మిశ్రమం లీన్ (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) అనుకుంటుంది, ఈసీయూ పెట్రోలు పెంచుతుంది.

ఎయిర్ ఫిల్టర్ గురించి మాత్రం చాలామంది నమ్మకం సగమే నిజం. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీ 2009లో చేసిన పరీక్షల్లో, ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో ఫిల్టర్ మూసుకుపోతే పికప్ తగ్గింది గానీ మైలేజీ చెప్పుకోదగ్గంత మారలేదు. గాలి తగ్గితే ఈసీయూ ఇంధనమూ తగ్గిస్తుంది. కార్బురేటర్ బళ్ల సంగతి వేరు.

3. ఫ్యూయల్ ట్రిమ్ చదవడం నేర్చుకోండి

దీనికి కావలసింది ఒక ఓబీడీ రీడరు (కారు సాకెట్లో పెట్టి ఈసీయూ అంకెలు చదివే పరికరం), ఫోను. మార్పులు చేయాలనుకునే ఎవరైనా పార్టుల కంటే ముందు కొనాల్సింది ఇదేనని నా అభిప్రాయం.

ఆక్సిజన్ సెన్సర్ చెప్పినదాన్ని బట్టి ఈసీయూ తన అంచనా మీద ఎంత శాతం ఇంధనం పెంచిందో, తగ్గించిందో చెప్పేదే ట్రిమ్. ఇందులో షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ అని రెండుంటాయి. రెండూ కూడితే వచ్చేది 5 శాతం లోపల ఉంటే ఆరోగ్యం. ప్లస్ అయినా మైనస్ అయినా 10 దాటితే వెతకాల్సిన పని ఉంది.

ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక మూడు చోట్ల రాసుకోండి: ఐడ్లింగ్‌లో, బండి ఆగి ఉండగా 2,500 ఆర్‌పీఎం దగ్గర, నిలకడగా నడుస్తున్నప్పుడు.

- ఐడ్లింగ్‌లో బాగా ప్లస్ ఉండి, ఆర్‌పీఎం పెంచగానే తగ్గిపోతే: ఎక్కడో గొట్టమో గ్యాస్కెట్టో దొంగగాలి పీలుస్తోంది.
- లోడు పెరిగేకొద్దీ ప్లస్ పెరుగుతుంటే: ఫ్యూయల్ పంపు బలహీనపడింది, లేదా గాలిని కొలిచే మాఫ్ సెన్సర్ తక్కువ చూపుతోంది.
- అన్నిచోట్లా మైనస్ ఉంటే: ఇంజెక్టర్ కారుతోంది, పీడనం ఎక్కువైంది, లేదా పర్జ్ వాల్వ్ (ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని ఇంజిన్లోకి పంపేది) మూసుకోవట్లేదు.

ఈ అంకెలు ఒక కాగితం మీద పెట్టుకోండి. ప్రతి మార్పు తర్వాతా వీటితోనే పోల్చాలి.

4. బరువు, గాలి నిరోధం, టైర్లు

ఆకర్షణ లేని భాగమే గానీ మైలేజీ ఎక్కువగా పోయేది, తిరిగొచ్చేదీ ఇక్కడే.

గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 100కి వెళితే గాలి నెట్టే బలం 1.56 రెట్లవుతుంది. టాప్ మీద పెద్ద పెట్టె కట్టుకుని హైవే వేగాల్లో వెళితే 10 నుంచి 25 శాతం దాకా పోవచ్చు. నెమ్మదిగా తిరిగే ఊరి ప్రయాణంలో ఇదే 2 నుంచి 8 శాతం. ఖాళీ క్యారియర్ కూడా గాలికి అడ్డే, వాడనప్పుడు విప్పేయండి.

బండిని ఎత్తు చేసినా, బంపరు ముందు ఇనుప గార్డు బిగించినా దెబ్బ రెండు వైపుల నుంచీ పడుతుంది, బరువూ గాలీ. 45 కిలోలు పెరిగితే దాదాపు 1 శాతం పోతుంది, చిన్న కారైతే ఇంకాస్త ఎక్కువ.

టైర్లలో రోలింగ్ రెసిస్టెన్స్ (దొర్లేటప్పుడు ఎదురయ్యే నిరోధం) 10 శాతం తగ్గితే ఇంధనం 1 నుంచి 2 శాతం ఆదా అవుతుంది. వెడల్పు టైరు, మెత్తటి రబ్బరు, బ్లాకుల ట్రెడ్ మూడూ దీనికి ఎదురు పనిచేస్తాయి. పెద్ద అల్లాయ్ వీల్స్ బరువు హైవేలో పెద్దగా తెలియదు, ఆగి ఆగి నడిచే ట్రాఫిక్‌లో ప్రతి పికప్‌కూ తెలుస్తుంది.

5. ఇంటేక్, ఎగ్జాస్ట్: ఎక్కువ ఆశ పెట్టుకోకండి

రోజూ నడిపేటప్పుడు థ్రాటిల్ సగం కూడా తెరుచుకోదు. గాలికి అసలు అడ్డు ఆ థ్రాటిల్ పలకే. దానికి ముందున్న ఫిల్టర్‌ను ఎంత వదులు చేసినా, పలక సగం మూసి ఉండగా ఇంజిన్‌కు ఒరిగేది దాదాపు ఏమీ లేదు. ఈ మార్పుల ఫలితం పెడల్ పూర్తిగా తొక్కినప్పుడే కనిపిస్తుంది.

చల్లగాలి ఇంటేక్ విషయంలోనూ అంతే. చల్లగాలి చిక్కగా ఉంటుంది కాబట్టి గరిష్ఠ పవర్ పెరుగుతుంది. అదే నెమ్మది వేగానికి మాత్రం థ్రాటిల్ ఇంకాస్త మూయాల్సి వస్తుంది, మైలేజీ పెరగదు.

చెడగొట్టే మార్గాలు మాత్రం ఉన్నాయి:

- మాఫ్ సెన్సర్ బిగించే గొట్టం వ్యాసం మారితే సెన్సర్ లెక్క తప్పుతుంది. ట్రిమ్ 10 దాటితే పాత గొట్టమే పెట్టండి, లేదా సెన్సర్ లెక్కను ట్యూనర్ చేత మళ్లీ రాయించండి.
- నూనె రాసి వాడే ఫిల్టర్‌కు నూనె ఎక్కువ పట్టిస్తే అది సెన్సర్ తీగ మీద చేరుతుంది. మాఫ్ కోసం తయారైన స్ప్రేతోనే కడగండి, గుడ్డతో తుడవకండి.
- ఆక్సిజన్ సెన్సర్ ముందు ఎగ్జాస్ట్ జాయింటు లీకైతే బయటి గాలి లోపలికి పోయి మిశ్రమం లీన్‌గా కనిపిస్తుంది, పెట్రోలు పెరుగుతుంది. కొత్త హెడర్లు (ఇంజిన్ నుంచి పొగ తీసుకెళ్లే మొదటి గొట్టాలు) బిగించాక మైలేజీ పడితే ముందు ఈ లీకే చూడండి.
- క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే భాగం) తీసేయడం చాలా దేశాల్లో నేరం, మైలేజీకీ చెప్పుకోదగ్గ లాభం లేదు.
- పెట్రోల్ ఇంజిన్‌లో ఈజీఆర్ (కొంత పొగను తిరిగి ఇంజిన్లోకి పంపే ఏర్పాటు) మూసేస్తే పాక్షిక లోడులో ఖర్చు పెరగవచ్చు. తిరిగొచ్చే పొగ చోటు ఆక్రమిస్తుంది కాబట్టే థ్రాటిల్ ఎక్కువ తెరుచుకుని, గాలి పీల్చే శ్రమ తగ్గుతుంది.

6. ఈసీయూ ట్యూనింగ్: ఏం అడగాలి, ఏ వరుసలో చేయించాలి

"మైలేజీ మ్యాప్ వేయండి" అంటే ట్యూనర్‌కు ఏమీ చెప్పనట్టే. ఎక్కడెక్కడ దొరుకుతుందో తెలుసుకుని అడగాలి.

6.1 లీన్ చేయమని అడగకండి. పెట్రోలుకు సరైన నిష్పత్తి 14.7 పాళ్ల గాలికి 1 పాలు ఇంధనం. మామూలు నడకలో ఈసీయూ ఇప్పటికే దాని చుట్టూనే ఉంచుతుంది, క్యాటలిటిక్ కన్వర్టర్‌కు కావలసిందీ అదే. ఇంకా లీన్ చేస్తే సెన్సర్ పట్టుకుని వెనక్కి లాగుతుంది. సెన్సర్‌ను మోసం చేస్తే నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి, మిస్సింగ్ మొదలవుతుంది.

6.2 ముందు ఒరిజినల్ ఫైలు చేతిలో పెట్టుకోండి. ఈసీయూలో ఉన్నదాన్ని చదివి, కాపీ మీకివ్వని ట్యూనర్ దగ్గర పని మొదలుపెట్టించకండి. రేపు తేడా వస్తే వెనక్కి వెళ్లే దారి అదొక్కటే.

6.3 పాక్షిక లోడులో టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ వేసే సమయం). నిజంగా మైలేజీ దొరికే చోటిది. లోడు పెట్టగల డైనో (బండిని నిలబెట్టి నడిపి పవర్ కొలిచే యంత్రం) మీద, వైడ్‌బ్యాండ్ సెన్సర్ (గాలి, ఇంధనం నిష్పత్తిని కచ్చితంగా కొలిచేది) ఉండగా, మీరు రోజూ నడిపే ఆర్‌పీఎం, లోడు దగ్గర బండిని నిలబెట్టి టైమింగ్‌ను 1 లేదా 2 డిగ్రీల చొప్పున ముందుకు జరపాలి. టార్క్ పెరగడం ఆగిన చోట ఆగాలి. అంతకుమించి జరిపితే లాభం ఉండదు, నాకింగ్ (మిశ్రమం వేళకాని వేళ తనంతట తాను పేలడం) ప్రమాదం మాత్రం పెరుగుతుంది. కంపెనీ మ్యాప్ ఇక్కడ ఇప్పటికే బాగుంటే దక్కేది కొంచెమే. మంచి ట్యూనర్ ఆ మాట దాచడు.

6.4 ఆక్టేన్ (పెట్రోలు నాకింగ్ను ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె). ఎక్కువ ఆక్టేన్ పెట్రోల్లో అదనపు శక్తేమీ లేదు. నాకింగ్ వల్ల ఈసీయూ టైమింగ్ వెనక్కి లాగుతున్న ఇంజిన్‌లో మాత్రం ఉపయోగం ఉంటుంది. లాగ్‌లో నాక్ రిటార్డ్ (అలా వెనక్కి లాగిన డిగ్రీలు) సున్నా ఉంటే మామూలుదే పోయండి. ఎక్కువ ఆక్టేన్‌కు రాసిన మ్యాప్ వేసి తక్కువది పోస్తే పవరూ, మైలేజీ రెండూ పోతాయి.

6.5 ఫుల్ థ్రాటిల్. పవర్ కోసం, వేడి తగ్గించడం కోసం ఇక్కడ మిశ్రమం రిచ్ (గాలికి ఇంధనం ఎక్కువ) చేస్తారు. 14.7 నుంచి 12.5కి దిగితే అదే గాలికి దాదాపు 18 శాతం ఎక్కువ ఇంధనం. ఇది ఉండాల్సిందే, లేకపోతే పిస్టన్లు, టర్బో కాలిపోతాయి. అడగాల్సిందల్లా, ఈ రిచ్ ఏ థ్రాటిల్ దగ్గర మొదలవుతుందనేదే. పెడల్ సగంలోనే మొదలైతే ఓవర్‌టేక్ చేసిన ప్రతిసారీ బిల్లు పెరుగుతుంది.

6.6 పటపట శబ్దాల మ్యాప్. గేరులో ఉండి పెడల్ వదిలితే మామూలుగా ఈసీయూ ఇంధనం పూర్తిగా ఆపేస్తుంది. ఆ శబ్దాల కోసం ఆ కట్‌ను తీసేసి, టైమింగ్ వెనక్కి లాగి, పెట్రోలు పొగగొట్టంలో కాల్చుతారు. మైలేజీ కావాలంటే ఇది వద్దు. రెండూ కావాలంటే కుదరదు. కన్వర్టర్ ఆయుష్షు కూడా తగ్గుతుంది.

6.7 టర్బో, డీజిల్. తక్కువ ఆర్‌పీఎంలో టార్క్ పెరిగితే మైలేజీ పెరిగే అవకాశం నిజంగానే ఉంది, మీరు గేరు ముందే మార్చి ఇంజిన్‌ను కింది ఆర్‌పీఎంలో నడిపితేనే. కొత్త పికప్ రుచి చూడటం ఆపలేకపోతే ఆ అవకాశం పోయినట్టే. చాలామందికి ఈ దశ కొన్ని నెలలు ఉంటుంది. డీజిల్లో నల్లపొగ వస్తోందంటే కాలని ఇంధనం బయటికి పోతోందని అర్థం. మసి పెరిగితే డీపీఎఫ్ (మసిని పట్టే ఫిల్టర్) పట్టిన మసిని కాల్చుకోవడానికి తరచూ రీజనరేషన్‌కు వెళ్లి, దానికీ ఇంధనం తాగుతుంది.

6.8 కంప్రెషన్ నిష్పత్తి (ఇంజిన్ మిశ్రమాన్ని ఎన్ని రెట్లు కుదిస్తుందో). 9 నుంచి 10కి పెంచితే సిద్ధాంతం ప్రకారం సామర్థ్యం 3 శాతం దాకా పెరుగుతుంది. ఒక్క మైలేజీ కోసమే ఇంజిన్ విప్పడం దండగ. ఏదో కారణంతో ఎలాగూ విప్పుతుంటే ఆలోచించండి.

7. అదనపు కరెంటు లోడు

ఆంప్లిఫయరు, అదనపు దీపాలు, ఫ్యాన్లు. 300 వాట్ల లోడుకు ఆల్టర్నేటర్ నష్టాలతో కలిపి ఇంజిన్ మీద 500 వాట్ల భారం పడుతుంది. ఇంజిన్ సామర్థ్యం పాతిక శాతమనుకుంటే గంటకు 0.2 లీటరు పైచిలుకు. ట్రాఫిక్‌లో గంటల తరబడి తిరిగేవాళ్లకు ఇది లెక్కలోకి వస్తుంది, హైవే మీద పెద్దగా రాదు.

8. మార్పు పనిచేసిందా? ముందు, తర్వాత, మళ్లీ ముందు

ఒకసారికి ఒక్క మార్పే. పాత స్థితిలో కొలవండి, మార్చి కొలవండి, విప్పేసి మళ్లీ పాత స్థితిలో కొలవండి. రెండు పాత కొలతలూ దగ్గర దగ్గరగా వచ్చి, మధ్యది వాటికి స్పష్టంగా దూరంగా ఉంటేనే మార్పు పనిచేసినట్టు. పాత కొలతల మధ్యే 4 శాతం తేడా ఉంటే, కొత్త పార్టు 3 శాతం ఇచ్చిందన్న మాటకు విలువ లేదు.

బిగించిన కొత్తలో మైలేజీ పెరగడం మామూలే. ఎంత ఇస్తుందో చూద్దామని మనమే పెడల్ మెల్లగా తొక్కుతాం. విప్పి మళ్లీ కొలిస్తే తప్ప ఈ మాయ బయటపడదు. రీమ్యాప్‌కు ఇది ఇంకా తేలిక, పాత ఫైలు మళ్లీ వేస్తే సరిపోతుంది.

ఫైలు మార్చినప్పుడల్లా ఈసీయూ నేర్చుకున్న ట్రిమ్‌లు చెరిగిపోవచ్చు. మొదటి ట్యాంకును లెక్కలోంచి తీసేయండి.

9. మార్పు తర్వాత మైలేజీ పడితే

- *టైర్లు మార్చాక:* ఓడోమీటరు సవరణ, గాలి, ఆ తర్వాత అలైన్‌మెంట్.
- *ఇంటేక్ మార్చాక:* ట్రిమ్ చూడండి. మాఫ్ కడగండి, క్లాంపులు బిగించండి.
- *ఎగ్జాస్ట్ మార్చాక:* సెన్సర్ ముందు లీకు, సెన్సర్ తీగ కాలడం. శబ్దం నచ్చి ఎక్కువ తొక్కడం కూడా ఒక కారణమే.
- *పెద్ద ఇంజెక్టర్లు వేశాక:* ఐడ్లింగ్‌లో రిచ్ వాసన వస్తే, ఇంజెక్టర్ క్షణకాలమే తెరుచుకునే చిన్న పల్స్‌ల దగ్గర సరిగా లెక్క కట్టలేదన్నమాట. ట్యూనర్ దగ్గరికి తిరిగి వెళ్లాల్సిందే.
- *రీమ్యాప్ తర్వాత:* నాక్ రిటార్డ్, పెడల్ వదిలినప్పుడు ఇంధన కట్, రిచ్ మొదలయ్యే చోటు. ఈ మూడింటి లాగ్ అడగండి.
- *ఏమీ తేలకపోతే:* కూలెంట్ ఉష్ణోగ్రత, బ్రేకులు. మార్పుతో సంబంధం లేని లోపం అదే సమయంలో రావడం అరుదేమీ కాదు.

10. కొనకూడనివి

ఇంధన గొట్టానికి తగిలించే అయస్కాంతాలు, ఇంటేక్‌లో గాలిని సుడి తిప్పే రేకులు, ఓబీడీ సాకెట్లో పెట్టగానే దీపాలు వెలిగే "సేవర్లు", నీటి నుంచి హైడ్రోజన్ తీసి ఇంజిన్‌లోకి పంపే కిట్లు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఇలాంటి పరికరాలను 100కు పైగా పరీక్షించింది. కొద్దిపాటి మేలైనా చూపినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. హైడ్రోజన్ కిట్‌కు కావలసిన కరెంటు కూడా మీ పెట్రోలు నుంచే రావాలి.

11. పార్టు ధర తిరిగొస్తుందా?

లీటరుకు ఎన్ని కిలోమీటర్లు పెరిగిందని చూడకండి, 10,000 కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు మిగిలాయో చూడండి.

14 ఇచ్చే కారు 14.5 ఇస్తే: 714 లీటర్ల బదులు 690. మిగిలేది సుమారు 25 లీటర్లు.

8 ఇచ్చే కారు 8.5 ఇస్తే: 1,250 బదులు 1,176. మిగిలేది దాదాపు 74 లీటర్లు.

పెరిగింది రెంటిలోనూ అరకిలోమీటరే. ట్యూనర్ అడిగిన మొత్తాన్ని లీటరు ధరతో భాగించి, ఎన్ని లీటర్లకు సమానమో తేల్చుకుని ఈ అంకె పక్కన పెట్టండి. ఏడాదికి 10,000 తిరిగే 14 మైలేజీ కారుకు ఆ మొత్తం 250 లీటర్లకు సమానమైతే, పదేళ్లు పడుతుంది. పికప్ కోసం చేయించుకుంటే చేయించుకోండి, మైలేజీ కోసమైతే ఆ డబ్బుతో రోలింగ్ రెసిస్టెన్స్ తక్కువున్న టైర్లు తీసుకోండి, ఎలాగూ మార్చే రోజు వచ్చినప్పుడు.